రేకుల కప్పు కింద ప్లాస్టిక్ షీటు పరచాలా?

ప్రశ్న: గాజువాకలో మాకు ఫర్నిచర్ తయారుచేసే షెడ్డు ఉంది. పొడవు 40 అడుగులు, వెడల్పు 20. ఇటుక గోడలు, పైన జింకు రేకులు. వేసవిలో లోపల నిలబడలేక పోయిన ఏప్రిల్‌లో రేకుల పైన తెల్లటి కూలింగ్ పెయింటు వేయించాం. వేడి కొంత తగ్గింది. కానీ ఆ తర్వాత వచ్చిన డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారేసరికి రేకుల లోపలి వైపు నుంచి నీటి బొట్లు రాలడం మొదలైంది. కింద పేర్చిన టేకు పలకల మీద నల్ల మచ్చలు పడుతున్నాయి. అందుకే ఇన్సులేషన్ చేయిద్దామనుకుంటున్నాం. కెనడాలో ఉన్న మా అల్లుడు ఇన్సులేషన్ కింద తప్పకుండా వేపర్ బ్యారియర్ ఉండాలని, మందపాటి ప్లాస్టిక్ షీటు పరచకపోతే అంతా కుళ్లిపోతుందని చెప్పాడు. ఆయన మాట మీద 150 మైక్రాన్ల పాలిథిన్ రోలు కూడా కొన్నాను. మా ఫ్యాబ్రికేషన్ మేస్త్రి మాత్రం అదేమీ అక్కరలేదని, గ్లాస్ వూల్ (గాజు ఉన్ని) పెట్టి కింద ఫాయిల్ కనిపించేలా బిగిస్తే చాలని అంటున్నాడు. షెడ్డులో ఒక మూల 10 అడుగులకు 12 అడుగుల ఏసీ గది ఉంది. అందులో కంప్యూటరు, కొనడానికి వచ్చేవాళ్లు కూర్చునే చోటు ఉన్నాయి. దానికి పీవీసీ ఫాల్స్ సీలింగ్ వేయించాం. దాని పైన కూడా ఏదైనా వేయాలా? ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: ఆ రోలు ఇప్పుడే విప్పకండి. దానికి వేరే పని ఉంది, తర్వాత చెబుతాను. కప్పుకు మాత్రం అది వద్దు.

మీ అల్లుడుగారు చెప్పింది ఆయన ఉంటున్న చోట అక్షరాలా నిజం. అక్కడ చలికాలంలో బయట సున్నాకు ఎంతో కింద ఉంటుంది, ఇంట్లో 20 డిగ్రీలు ఉంటుంది. వంట, స్నానాలు, మనుషుల ఊపిరి, అన్నీ కలిసి ఇంటి గాలిలో ఆవిరిని పెంచుతాయి. బయటి గాలిలో ఆవిరి దాదాపు ఉండదు. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోవడం ఆవిరి స్వభావం. అది గోడలోకి, కప్పులోకి దూరి, బయటి వైపు చల్లని పలక తగలగానే నీరై అక్కడే నిలిచిపోతుంది. నెలల తరబడి ప్రయాణం ఒకే దిశలో, లోపలి నుంచి బయటికి. కాబట్టి ఆవిరి బయల్దేరే వెచ్చని వైపునే, అంటే గది లోపలి వైపునే, ప్లాస్టిక్ షీటుతో దారి మూసేస్తారు. వేపర్ బ్యారియర్ కథ అంతే. చల్లని దేశంలో అది తెలివైన పని.

విశాఖలో చిక్కేమిటంటే ఆవిరికి ఒకే దిశ లేదు. మీ షెడ్డు కప్పునే తీసుకోండి. జనవరి రాత్రి రేకు చల్లబడుతుంది, లోపలి గాలిలోని తేమ పైకి ఎక్కి దానికి అంటుకుంటుంది. ఎండెక్కాక అదే రేకు కాలుతుంది, ఇన్సులేషన్‌లో తేమ ఏదైనా చిక్కుకుని ఉంటే దాన్ని కిందికి తోస్తుంది. మూలనున్న ఏసీ గదిలో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడ ఏసీ నడిచినంతసేపూ ఆవిరి బయటి నుంచి లోపలికి రావాలని చూస్తుంది. అంటే మామూలు కప్పుకు ఏ పక్కన ప్లాస్టిక్ పెట్టినా రోజులో కొంతసేపు అది తప్పు పక్కనే ఉంటుంది. పైగా పైనున్న రేకు కూడా ఆవిరిని పోనివ్వని పొరే. దాని కింద గ్లాస్ వూల్, ఆ కింద మరో ప్లాస్టిక్ పొర వేశారనుకోండి, మధ్యలోకి చేరిన నీటికి బయటపడే దారే ఉండదు. చేరకుండా ఉంటుందా అంటే, స్క్రూ వాషరు ఒక్కటి ఎండకు పగిలితే చాలు, జూన్ నుంచి అక్టోబరు దాకా వానలే.

ముందు మీ నీటి బొట్ల సంగతి తేల్చుకుందాం. అది కారడం కాదు, రేకుకు పట్టిన మంచు. మీ ఉత్తరంలోనే దానికి సాక్ష్యం ఉంది. వానలు లేని నెలల్లో, తెల్లవారుజామున, రంగు వేయించిన తర్వాత. ఇంకా అనుమానంగా ఉంటే రెండు మూడు రోజులు గమనించండి. కారే కప్పు నుంచి నీరు స్క్రూల దగ్గర, రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట పడుతుంది, అదీ వాన కురిసినప్పుడు. మంచు అయితే రేకంతటా సమానంగా చెమర్చినట్టు పడుతుంది, వేలితో రాస్తే గీత తెలుస్తుంది. బొట్లు వాలు వెంట జారి పర్లిన్ (రేకులను మోసే అడ్డ కమ్మీ) అంచు దగ్గర ఆగి అక్కడి నుంచి రాలుతాయి. మబ్బు పట్టిన రాత్రి పడదు, ఆకాశం తేటగా ఉన్న రాత్రి పడుతుంది. ఎందుకంటే తేట ఆకాశం కింద రేకు తన వేడిని సూటిగా పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే నాలుగైదు డిగ్రీలు చల్లబడగలదు. తెల్లవారుజామున గాలి 19 డిగ్రీలు, తేమ 88 శాతం ఉందనుకోండి, ఆ గాలి 17 డిగ్రీల దగ్గరే నీరు వదిలేస్తుంది. రేకు 15కి దిగితే ఇక చెప్పేదేముంది?

రంగు వేశాకే ఎందుకు మొదలైందని మీకు సందేహం వచ్చే ఉంటుంది. మెరుస్తున్న జింకు రేకు తన వేడిని ఆకాశంలోకి అంత తేలిగ్గా వదలదు. దాని మీద రంగు పొర వేయగానే వదిలే శక్తి చాలా పెరుగుతుంది. పగలు తెల్ల రంగు ఎండను తిప్పికొడుతుంది, రాత్రి అదే రంగు రేకును మరింత చల్లారుస్తుంది. మే నెలలో మీకు మేలు చేసిన గుణమే జనవరిలో నీళ్లు కురిపిస్తోంది. అలాగని రంగును తిట్టుకోకండి, గీకించకండి. విశాఖలో ఏడాదికి ఎన్ని నెలలు ఉక్కపోతో, ఎన్ని రాత్రులు చలో మీకు నాకంటే బాగా తెలుసు. టేకు మీద మచ్చలు నల్లగా ఉండడానికి కారణం ఆ నీరు ఇనుము తుప్పును మోసుకురావడం. చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిస్తే సిరాలాంటి నలుపు వస్తుంది. అంటే రేకులో గానీ పర్లిన్లలో గానీ తుప్పు ఇప్పటికే మొదలైందన్నమాట. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇప్పుడు మందు. మీ ఏసీ యూనిట్ నుంచి గోడ మీదుగా వెళ్లే రాగి గొట్టాన్ని ఒకసారి చూడండి. దాని చుట్టూ నల్లటి మెత్తని తొడుగు ఉంటుంది. లోపల గొట్టం చల్లగా ఉన్నా తొడుగు పైన చెమట పట్టదు, దానికి విడిగా ప్లాస్టిక్ చుట్టాల్సిన పనీ లేదు. ఆ తొడుగులోని గాలి బుడగలన్నీ దేనికది మూసి ఉంటాయి, తేమ గాలి లోపలికి దూరి చల్లని రాగిని చేరలేదు. తొడుగు చిరిగిన చోట మాత్రం గొట్టం టపటపా కారుతుంది. మీ రేకు కూడా రాత్రిపూట అలాంటి చల్లని లోహమే. దానికీ అదే వైద్యం. మూసిన బుడగలున్న ఫోమ్‌ను రేకుకు అంటిపెట్టి, మధ్యలో గాలి ఆడకుండా బిగించాలి. అప్పుడు ఇన్సులేషనే వేపర్ బ్యారియర్ కూడా అవుతుంది. ఆవిరి ఏ దిశలో పోదలచుకున్నా దానికి దారి దొరకదు, ఇంకో పొర గురించి ఆలోచించే అవసరమే ఉండదు.

దీనికి మూడు దారులున్నాయి. అన్నిటికంటే గట్టిది రేకు లోపలి వైపు పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ స్ప్రే చేయించడం. అది రేకు ఎత్తుపల్లాల్లోకి, స్క్రూ మొనల చుట్టూ, పర్లిన్ పక్కలకు వెళ్లి అతుక్కుంటుంది. ఇందులో కూడా మెత్తని రకం, గట్టి రకం ఉన్నాయి. స్పాంజిలా నొక్కుకుపోయే తేలిక రకం ఆవిరిని పోనిస్తుంది, మీకు పనికిరాదు. గట్టిపడి, గోటితో నొక్కితే లొంగనిది అడగండి. రెండోది ఒక వైపు అల్యూమినియం ఫాయిల్, రెండో వైపు జిగురు ఉన్న ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం పాలిథిన్) ఫోమ్ షీట్లు. చవక, పని త్వరగా అవుతుంది. అయితే మీ రేకు అలలుగానో గట్లుగానో ఉంటుంది కదా, పనివాడు షీటును గట్ల మీదుగా బల్లపరుపుగా లాగి అతికిస్తే ప్రతి పల్లంలోనూ ఒక సొరంగం మిగిలిపోతుంది. తేమ గాలి ఆ సొరంగంలో చేరి మళ్లీ రేకునే తాకుతుంది, బొట్లు షీటు వెనకనుంచి చూరు దాకా జారి అక్కడ కారతాయి. కాబట్టి షీటు రేకు ఆకారంలోకి ఒదగాలి, లేదా అంచులన్నీ గట్టిగా మూయాలి. అది చేయించలేమనుకుంటే ఈ దారి మానుకోండి. మూడోది రేకులనే మార్చేయడం, రెండు రేకుల మధ్య ఫోమ్ ఉన్న పఫ్ ప్యానెళ్లు వేయించడం. మీ రేకులు తుప్పుతో చిల్లులు పడే స్థితిలో ఉంటే ఇదే చివరికి లాభం. స్ప్రే చేసిన ఫోమ్‌ను తర్వాత రేకు నుంచి ఊడదీయడం దాదాపు అసాధ్యం. రేపోమాపో తీసేయాల్సిన రేకుకు అంత ఖర్చు దండగ.

మందం ఎంత? బొట్లు ఆగడానికి అర అంగుళం ఫోమ్ చాలు. వేసవి వేడికి అది చాలదు. మే మధ్యాహ్నం ఎండకు మాసిన రేకు 60 డిగ్రీలు దాటుతుంది, తెల్ల రంగు వల్ల మీది అంత పోకపోవచ్చు. కనీసం 25 మిల్లీమీటర్లు వేయించండి, డబ్బు కుదిరితే 50. ఆ పైన పెట్టే రూపాయి గాలి బయటికి పోయే ఏర్పాటు మీద పెట్టండి. గోడల కింది భాగంలో జాలీలు, పైన శిఖరం దగ్గర వేడి గాలి పోవడానికి దారి లేకపోతే మీ యంత్రాల వేడి, మనుషుల వేడి ఇన్సులేషన్ కిందే నిలిచిపోతుంది.

మీ మేస్త్రి చెప్పిన పద్ధతి వింతేమీ కాదు. పెద్ద షెడ్లు చాలావాటికి గ్లాస్ వూల్, కింద ఫాయిల్, దాన్ని మోయడానికి తీగ జాలీ వేస్తారు. కొత్తగా కట్టేటప్పుడు, రేకులు ఎక్కించకముందే పరచి, ఫాయిల్ అతుకులన్నిటికీ టేపు వేస్తే బాగానే పనిచేస్తుంది. రాత్రి మంచు విషయంలో ఆ కింది ఫాయిల్ సరైన పక్కనే ఉంటుంది కూడా. ఉన్న షెడ్డుకు కింద నుంచి బిగించినప్పుడే తంటా. ప్రతి పర్లిన్ దగ్గర, ప్రతి గోడ అంచు దగ్గర ఫాయిల్ తెగుతుంది. తెగిన చోట నుంచి తేమ గాలి పైకి పోతుంది, ఉన్నికి నీరు పడుతుంది, ఫాయిల్ దాన్ని కిందికి ఆరనివ్వదు. కొన్నేళ్లకు ఫాయిల్ అక్కడక్కడ పొట్ట దిగి వేలాడుతుంది. వేలితో పొడిస్తే గోధుమరంగు నీరు కారుతుంది. తడిసిన గ్లాస్ వూల్ వేడిని ఆపదు, పైగా రేకుకు తడిగుడ్డలా అంటిపెట్టుకుని తుప్పు పట్టిస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే గాజువాకలో దానికి ఎన్నాళ్లు పడుతుంది?

రేకులు విప్పి మళ్లీ బిగించే పని పెట్టుకుంటే ఇంకో జాగ్రత్త. మందపాటి ఉన్ని పర్లిన్ మీదుగా వేసి పైన రేకు నొక్కి బిగిస్తే పాత స్క్రూలు చాలినంత లోతు పట్టవు. కొంచెం పొడవైన కొత్త స్క్రూలు, కొత్త రబ్బరు వాషర్లు వాడించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి విశాఖలో ఎన్ని షెడ్ల రేకులు ఎగిరిపోయాయో చూసినవాళ్లకు స్క్రూ దగ్గర పిసినారితనం తగదు.

ఇక ఏసీ గది. ఇక్కడ మాత్రం వేపర్ బ్యారియర్ నిజంగా అవసరం, కానీ మీ అల్లుడుగారు చెప్పిన దానికి సరిగ్గా ఎదురు పక్కన. 30 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల ఆవిరి ఉంటుంది. 24 డిగ్రీల గాలి ఎంత ప్రయత్నించినా 22 గ్రాములకు మించి మోయలేదు. మీరు ఏసీని 24 దగ్గర పెట్టారంటే, షెడ్డు గాలి ఆ గది చల్లని పలకను ఎక్కడ తాకితే అక్కడ నీరు వదులుతుంది. ఆ పలక ఏది? మీ పీవీసీ సీలింగ్ పై ముఖం. కింద నుంచి చూస్తే కనబడదు. కొంతకాలానికి ప్యానెళ్ల అతుకుల్లో పచ్చటి మరకలు, లైటు చుట్టూ తడి కనిపిస్తాయి, అందరూ పైరేకు కారుతోందని మేస్త్రిని పిలుస్తారు.

వేడి తగ్గుతుందని ఆ సీలింగ్ మీద ఒట్టి గ్లాస్ వూల్ పరిపిస్తే కథ ఇంకా ముదురుతుంది. ఉన్ని వేడిని ఆపుతుంది కాబట్టి దాని కింద ఉన్న పీవీసీ పలక ఇదివరకటికంటే చల్లగా మారుతుంది. తేమ గాలిని మాత్రం ఉన్ని ఆపదు, అది జల్లెడలో నుంచి దిగినట్టు దిగి ఆ చల్లని పలక మీద నీరవుతుంది. ఇన్సులేషన్ వేశాకే సీలింగ్ తడిసిందని ఎవరైనా చెబితే నమ్మండి. ఇక్కడ పొర ఇన్సులేషన్ పైన ఉండాలి, షెడ్డు గాలి తగిలే వైపున. తేలికైన పద్ధతి 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డులు (మూసిన బుడగలున్న గట్టి ఫోమ్ పలకలు) పరచి, ప్రతి అతుకుకూ అల్యూమినియం టేపు వేసి, గోడ కలిసే అంచును సీలెంటుతో మూసేయడం. గ్లాస్ వూలే వాడదలచుకుంటే ఫాయిల్ ముఖం పైకి ఉండాలి, అతుకులకు టేపు తప్పదు. గది లోపలి వైపున మాత్రం గోడలకు వినైల్ వాల్‌పేపర్ లాంటివి అతికించకండి. ఏసీ గదిలో బయటి నుంచి వచ్చే తేమకు అదే చివరి అడ్డు అవుతుంది, దాని వెనక బూజు పెరుగుతుంది. మామూలు రంగు వేసిన గోడ ఆరుతుంది.

టేపు గురించి విసుగు అనుకోకండి. ఆవిరి పలకలోనుంచి మెల్లగా ఊరేది తక్కువ, సందుల్లోంచి గాలితో కలిసి దూసుకొచ్చేది ఎక్కువ. సీలింగ్‌కు గుండ్రటి లైట్లు పెట్టించి ఉంటే ప్రతి రంధ్రం ఒక గవాక్షమే. వాటిని తీసేసి పలక కిందే బిగించే లైట్లు పెట్టించడం మంచిది. వైర్లు దిగే చోట్లు, తలుపు కింద సందు కూడా మూయించండి. ఇవన్నీ వదిలేసి ఎంత ఖరీదైన ఫాయిల్ కొన్నా డబ్బు దండగ.

నిప్పు సంగతి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. రంపపు పొట్టు, థిన్నరు, పాలిష్ ఉన్న షెడ్డులో నెత్తిన ఫోమ్ పెట్టుకుంటున్నారు. చవకగా వస్తోందని థర్మోకోల్ వేయించకండి, నిప్పు తగిలితే కరిగి బొట్లుగా రాలుతూ నల్లటి పొగ కక్కుతుంది. ఏ ఫోమ్ అయినా మంట త్వరగా అంటుకోని గ్రేడుదే కొనండి, చిన్న ముక్క అడిగి బయట కాల్చి చూడండి. పని మొదలుపెట్టకముందే కప్పు మీద చేయాల్సిన వెల్డింగ్ అంతా ముగించండి. ఫోమ్ వేశాక ఒక్క క్లాంపు కోసం కూడా అక్కడ వెల్డింగ్ వద్దు, బోల్టులతో సరిపెట్టండి. కరెంటు వైర్లు ఫోమ్‌లో పూడిపోకుండా పైపులో వేసి కిందికి దించండి.

ఒక ఆశ మాత్రం పెట్టుకోకండి. ఇన్సులేషన్ వల్ల షెడ్డు గాలిలో తేమ తగ్గదు. తలుపులు తెరిచి పనిచేసే చోట లోపలి గాలి, బయటి గాలి ఒకటే. 75, 80 శాతం తేమలో పేర్చిన చెక్కలో 14, 15 శాతం నీరు నిలుస్తుంది. అదే చెక్కతో చేసిన బీరువా కొన్నవాళ్ల ఏసీ పడకగదికి చేరాక 10 శాతానికి ఎండుతుంది, తలుపుల జోళ్లు సందులిస్తాయి. పెద్ద ఆర్డర్లకు వాడే చెక్కను కొన్ని వారాల పాటు మీ ఏసీ గదిలోనే ఒక గోడ పక్కన పేర్చి ఉంచితే కొంత మేలు.

ఇక ఆ పాలిథిన్ రోలు. షెడ్డులో ఎప్పుడైనా కొత్త ఫ్లోరింగు వేయించే పని పడితే, కంకర మీద కొద్దిగా ఇసుక చదును చేసి, దాని మీద ఈ షీటును అడుగు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరచి, ఆ పైన కాంక్రీటు పోయించండి. నేల నుంచి తేమ ఏడాది పొడవునా ఒకే దిశలో, పైకే వస్తుంది. దాన్ని ఆపడానికి 150 మైక్రాన్ల షీటు చక్కగా సరిపోతుంది. అంతవరకు చెక్క పేర్చే చోట కింద పరచుకోండి. చెక్క చుట్టూ మాత్రం చుట్టకండి.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే ఫిబ్రవరి, మార్చి అనుకూలం. తెల్లవారుజామున తడిగా ఉన్న రేకు మీద ఫోమ్ పట్టదు, పట్టినట్టు కనిపించి తర్వాత పెచ్చులుగా ఊడుతుంది. ఎండెక్కి రేకు పొడిగా మారాకే స్ప్రే మొదలుపెట్టమనండి. అంతకు ముందు పనివాళ్లను పైకెక్కించి తుప్పు పట్టిన చోటల్లా వైరు బ్రష్‌తో గీకించి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగించి, ఆరాక జింకు ప్రైమరు రెండు పూతలు వేయించండి. పర్లిన్ల పై అంచు రేకుకు తగిలే చోట బ్రష్ సులువుగా దూరదు, అక్కడే తుప్పు ఎక్కువ ఉంటుంది. పాత వాషర్లన్నీ ఇప్పుడే మార్పించండి. తర్వాత ట్యాంకరు నీళ్లు తెప్పించి పైనుంచి గొట్టంతో ఒక గంట పోయించండి, కింద నిలబడి చూడండి. ఎక్కడా చుక్క రాలలేదని నిర్ధారించుకున్నాకే ఫోమ్ వాళ్లకు అడ్వాన్సు ఇవ్వండి.